బుసంగారా పటానికి ఎంత మెమరీ

మింజా లుహెండే చెమటోడ్చి గెలిచిన మొదటి గెలుపు మగలాటా గ్రామ పటం. ఆ పటాన్ని గ్రామ కార్యాలయం గోడకి మూడు వారాలు వేలాడగట్టారు. అభ్యంతరం ఉన్నవాళ్లు వచ్చి చెప్పుకోవడానికి పెట్టిన గడువు అది. మూడు వారాల్లో ఒక్కరూ నోరు విప్పలేదు. పదకొండేళ్లుగా ఒకే గట్టు మీద కర్రలు పట్టుకున్న రెండు ఇళ్లవాళ్లు కూడా వచ్చారు, గీతని వేలితో తడిమి చూసుకున్నారు, గొణుక్కుంటూ వెళ్లిపోయారు. పటాన్ని ఎవరూ చింపలేదు. సుకుమా జనం ఉండే మా నేలలో అది మామూలు సంగతి కాదు. అప్పటికి మింజా వయసు ఇరవై నాలుగు.

ఆ గెలుపు ఊరికే రాలేదు. సర్వే పరీక్ష రెండుసార్లు తప్పింది, మూడోసారి నెగ్గింది. ముప్ఫై ఎనిమిది మంది ఉన్న తరగతిలో ఆడపిల్లలు ఇద్దరే. రెండో పిల్ల పెళ్లి చేసుకుని మధ్యలోనే వెళ్లిపోయింది. మింజా మాత్రం మొలలోతు వాననీళ్లలో నిలబడి కొలతలు తీసింది. జెముడు పాలు కంట్లో పడి మూడు రోజులు చూపు మసకబారినా నాలుగో రోజు పనిలోకి వచ్చింది. ఆరేళ్లలో పంతొమ్మిది గ్రామాలు కొలిచింది. మ్వాంజా పట్నంలో బులుగు అనే పెద్దాయన నడిపే సర్వే ఆఫీసులో మగవాళ్లు తొమ్మిది మంది ఉన్నా, పటం మీద చివరి సంతకానికి ముందు అందరూ చూసేది మింజా మొహమే.

పంతొమ్మిదిలో పద్దెనిమిది నిలబడ్డాయి. ముగుండా ఒక్కటే కూలింది.

అక్కడ జరిగింది చెబితేగాని ఈ కథ సాగదు. పొలాల హద్దులు తేల్చేటప్పుడు ఆ ఆఫీసుకి ఒక పద్ధతి ఉంది. ముందు డ్రోన్ ఎగరేసి పైనుంచి వందల ఫొటోలు తీస్తారు. కంప్యూటరు వాటన్నిటినీ ఒకదాని అంచుకి ఒకటి అతికి ఊరంతా ఒకే బొమ్మగా చేస్తుంది. ఆ బొమ్మని పెద్ద గుడ్డ మీద అచ్చువేయించి బడి మైదానంలో పరుస్తారు. ఊరంతా చెప్పులు విడిచి చుట్టూ చేరుతుంది. పక్కపక్క పొలాల వాళ్లిద్దరూ వంగి, ఒకే గీత మీద ఇద్దరి వేళ్లూ కలిపి పెడతారు. ఊరు చూస్తుండగా పెట్టిన వేలే సాక్ష్యం. ఆ తర్వాత కాదనడానికి ఎవరికీ మొహం చెల్లదు.

ముగుండాలో ఊరు మైదానానికి వచ్చింది. గుడ్డ రాలేదు. ముప్ఫై రెండు జీబీ మెమరీ ఉన్న ఆఫీసు ల్యాప్‌టాప్ పద్నాలుగు గంటలు రొప్పి, చివర్లో ఎర్రటి అక్షరాలతో మెమరీ చాలలేదని చెప్పి చేతులెత్తేసింది. జనం మధ్యాహ్నం దాకా కూర్చుని లేచిపోయారు. మర్నాడే వాన పడింది, అందరూ విత్తనాలకి పోయారు. హోలో అనే విధవరాలి పొలం అంచున ముప్ఫై అడుగుల మేర కాడజెముడు కంచెని ఆమె మరిది పీకించి పత్తి వేసుకున్నాడు. కాలేజీ కంప్యూటరు మీద అతికించి తొమ్మిది రోజుల తర్వాత తెచ్చిన పటంలో ఆ కంచె పచ్చగా కనపడుతూనే ఉంది. కాని వేలు పెట్టిన వాళ్లేరీ? "బొమ్మ పాతది" అన్నాడు మరిది. మాట అక్కడితో ఆగిపోయింది. హోలో ఏడవలేదు, తిట్టలేదు. "నువ్వు వస్తానన్న రోజు నేను తెల్లారకుండానే వచ్చి ముందు వరసలో కూర్చున్నానమ్మా" అంది, అంతే.

ఈసారి పని సరస్సు మధ్యలోని ఉకెరెవె దీవిలో, బుసంగారా అనే ఊళ్లో. ఊళ్లో సగం మంది చిన్నచేపల వేటగాళ్లు. చీకటి రాత్రుల్లో దీపాలు వెలిగించి చేపల్ని రప్పించుకునే వేట అది. వెన్నెల ఉంటే దీపం పనిచేయదు కాబట్టి పున్నమి చుట్టూ ఐదారు రోజులే ఇళ్లలో ఉంటారు. తర్వాత దూరపు దీవులకి చెదిరిపోతారు. కాబట్టి ఆ ఐదు రోజుల్లోనే అంతా అయిపోవాలి. రెండు రోజులు డ్రోన్, ఒక రోజు బొమ్మ అతకడం, ఒక రోజు దీవిలోని నాన్సియో పట్నంలో గుడ్డ అచ్చు, ఐదో రోజు సభ. ఫొటోలు పట్టుకుని మ్వాంజాకి వచ్చిపోదామంటే పడవలకే రెండు రోజులు పోతాయి. అక్కడే, ఆ ఊళ్లోనే అతకాలి. ఒడ్డున కూరగాయల మళ్లున్న విధవలు పదిహేడు మంది అని జాబితాలో చూసినప్పటినుంచి మింజాకి అన్నీ హోలో మొహాలే కనపడుతున్నాయి.

"కొత్త మెషీన్ కొందాం. మామూలుది కాదు, బరువు పనులకని చేసే వర్క్‌స్టేషన్ ల్యాప్‌టాపే తీసుకో. మెమరీ ఎంత కావాలో శుక్రవారం నాటికి కాగితం మీద రాసివ్వు" అన్నాడు బులుగు.

"ఆలోచించి చెప్తాను పెద్దయ్యా."

"ఇందులో ఆలోచనేముంది? రెండు టీబీ అని రాశాడుగా కొట్టువాడు ధర కాగితం మీద. మన ముత్తాతల ఫొటోలు కూడా పడతాయి!"

"అది గాదె పెద్దయ్యా. నేనడిగేది కళ్లం సంగతి."

బులుగు కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

"గాదెలో ఎంత ధాన్యమైనా దాచుకోవచ్చు. నూర్చాలంటే మాత్రం కంకులన్నీ ఒక్కసారి కళ్లంలో పరవాలి కదా? ఈ పనికి ఫొటోలన్నీ ఒకేసారి పరుచుకోవాలి. కళ్లం చాలకపోతే గాదె ఎంతున్నా ఒక్క గింజ రాలదు. మెమరీ అంటే ఆ కళ్లం."

"ఇదేదో ముగుండాకి ముందే చెప్పి ఉంటే బాగుండేదిగా" అన్నాడు పెద్దాయన. వెక్కిరింతగా అనలేదు. అయినా మింజాకి చెవులు కాలాయి.

ఈసారి ఊహ మీద వదలకూడదనుకుంది. కాలేజీ ల్యాబులో పెద్ద కంప్యూటరు దగ్గర రెండు రోజులు కూర్చుంది. పాత ఫొటోలు నాలుగు వందలు, తర్వాత ఎనిమిది వందలు, తర్వాత పన్నెండు వందలు వేసి, ప్రతిసారీ మెమరీ ఎంత దాకా పాకిందో నోటుబుక్కులో రాసుకుంది. వంద ఫొటోలకి మూడు జీబీ చొప్పున తేలింది, పైన మెషీన్ సొంత ఖర్చు ఆరు. బుసంగారా విస్తీర్ణం హెక్టార్లలో ఎంతో చూసి, హెక్టారుకి ఇన్ని ఫొటోలని గుణించింది. పదిహేను వందలు. అంటే యాభై ఒకటి జీబీ. అరవై నాలుగు పెట్టుకుంటే పదమూడు మిగులు. శుక్రవారం కాగితం మీద అరవై నాలుగని రాసి, కింద రెండు గీతలు కొట్టి ఇచ్చింది. ఆ పూట ఉగాలి ముద్ద, వేయించిన చేప కడుపునిండా తింది.

సోమవారం సలూం అనే అతని కంప్యూటర్ల కొట్టుకి ల్యాప్‌టాప్ వచ్చింది. ముప్ఫై రెండు జీబీ మెమరీ ముక్కలు రెండు బిగించి ఇచ్చాడు. బుధవారం డ్రోన్ నడిపే డోటో ఆఫీసు మెట్ల మీద నూనెలో వేయించిన మందాజీ రొట్టె నములుతూ, బ్యాటరీలు లెక్కపెట్టుకుంటూ ఒక మాట అన్నాడు.

"అక్కా, బుసంగారాకి ఇంకో నాలుగు బ్యాటరీలు అడగాలి. ఒడ్డు మీద అడ్డంగా కూడా తిప్పాలిగా."

"అడ్డంగానా?"

"నిలువు వరసలు ఒక్కటే తీస్తే నీళ్లూ బండలూ కలిసిపోయి అతుక్కోవు. సరస్సు అంచు అంటే ఎప్పుడూ నిలువూ అడ్డం రెండూ తీస్తాం. నీకు తెలీదా?"

"ఎన్ని ఫొటోలవుతాయి?"

"రెండువేల ఆరు వందలు. గాలి లేకపోతేనే. గాలి కొడితే కొన్ని మళ్లీ తీయాలి."

మింజా టీ గ్లాసు మెట్టు మీద పెట్టేసింది. ఆ ఆఫీసులో ఏ కాగితమైనా హెక్టార్లతో మొదలై హెక్టార్లతో ముగుస్తుంది. కూలీలకి, రోజులకి, రాళ్లకి, సిమెంటుకి అన్నిటికీ అదే కొలత. ఆ అలవాటుతోనే ఫొటోలకి కూడా హెక్టార్లు కొలిచింది. ఇంతవరకు చేసిన పంతొమ్మిది ఊళ్లూ మెట్ట ఊళ్లే. డోటోని ఒక్కమాట అడిగి ఉంటే సరిపోయేది.

"ఏమైందక్కా? మొహం అలా పెట్టావేం? ఫొటోలు ఎక్కువైతే మంచిదేగా?"

"నువ్వు నోర్మూసుకుని మందాజీ తిను."

అక్కడే మెట్ల మీద లెక్క వేసింది. డెబ్భై ఎనిమిది, పైన ఆరు, ఎనభై నాలుగు. ఉన్నది అరవై నాలుగు. ఊరిని రెండు ముక్కలు చేసి అతికితే? చేయొచ్చు. కాని ముక్కలు కలిసేచోట జానెడు తేడా వస్తుంది. కాడజెముడు కంచె మందం కూడా జానెడే. ఆ జానెడు కోసమేగా ఈ తిప్పలన్నీ. పోనీ నాణ్యత తగ్గిస్తే? కంచె పచ్చటి మరకలా అలుక్కుపోతుంది. ఆ మరక మీద ఎవరి వేలు ఎక్కడ పెట్టమంటాం?

పరుగున సలూం కొట్టుకి పోయింది. అతను మర్యాదస్తుడే. కిటెంగే గుడ్డ పరిచి, ల్యాప్‌టాప్ బోర్లించి వెనక మూత తీసి చూపించాడు.

"చూడండి అక్కా. రెండే స్లాట్లు, రెండూ నిండాయి. దీనికి అరవై నాలుగే ఆఖరు. నూట ఇరవై ఎనిమిది పట్టే మెషీన్ కావాలంటే దూరాన దార్ నగరం నుంచి తెప్పించాలి."

"ఎప్పటికొస్తుంది?"

"అక్టోబరు మొదటివారం."

"అప్పటికి ఊళ్లో ఎవరుంటారన్నా!"

"ఏ ఊళ్లో?" అన్నాడు సలూం అయోమయంగా.

ఆమె ల్యాప్‌టాప్ సంచీలో పెట్టుకుని బయటికొచ్చింది. అన్నిటికంటే కష్టమైన పని ముందుంది. రెండు గీతలు కొట్టి ఇచ్చిన కాగితం తప్పని పెద్దాయనతో తన నోటితో చెప్పాలి. బులుగు గది గుమ్మం దాకా వెళ్లి ఒకసారి వెనక్కి వచ్చింది. రెండోసారి లోపలికి వెళ్లింది.

"పెద్దయ్యా, నేను తప్పు లెక్క ఇచ్చాను."

బులుగు విన్నాడు. శుక్రవారం కాగితం తీసి ఆ రెండు గీతల మీద వేలు పెట్టాడు.

"అరవై నాలుగన్నది నువ్వే."

"నేనే."

"ఇప్పుడు చాలదంటున్నదీ నువ్వే. రేపు నూట ఇరవై ఎనిమిదన్నా చాలదంటే ఏం చెయ్యమంటావు? ఎవరి లెక్క నమ్మమంటావు నన్ను?"

బులుగు ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.

"సభ వచ్చే పున్నమికి వాయిదా వేయమని ఊరి చైర్మన్‌కి చెప్పనా?"

"వద్దు పెద్దయ్యా. ఒకసారి లేచిపోయిన ఊరు మళ్లీ కూర్చోదు. శనివారం దాకా టైమివ్వండి."

"శనివారం" అన్నాడు బులుగు. "ఆ తర్వాత నేను ఫోన్ చేసేస్తాను."

అక్కడినుంచి మింజా కాళ్లు వాటంతట అవే కబూలా దగ్గరికి నడిచాయి. కబూలా ఆమెతో బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్న మనిషి. మార్కెట్ పక్కన పెద్ద బండ నీడలో ఆమె కొట్టు. పగలు కంప్యూటర్లు బాగుచేస్తుంది, ఖాళీ దొరికితే పెళ్లి వీడియోలు అతుకుతుంది. జానెడు స్క్రూడ్రైవరు ఎప్పుడూ జడలో గుచ్చుకుని ఉంటుంది.

"ఏమే, ఎవరైనా పోయారా? మొహం అలా ఉందేం?" అంది కబూలా.

సంగతంతా విని, ల్యాప్‌టాప్‌ని అటూ ఇటూ తిప్పి చూసి పకాలున నవ్వింది.

"ఆ సలూం మూత తీశాడు సరే. కీబోర్డు లేపాడా?"

"కీబోర్డు కిందేముంటుందే?"

"నా మెషీన్ కూడా ఇదే జాతి, నాకు తెలీదా? పొయ్యి మీది కుండ మూత తీసి, పొయ్యి కింద చూడలేదంటే ఎలా? ఇటియ్యి."

నాలుగు మరలు విప్పింది, కీబోర్డుని గోరుతో మెల్లగా లేపింది. కింద రెండు స్లాట్లు, ఖాళీగా, దుమ్మైనా అంటకుండా ఉన్నాయి. మింజా ఆ రెండు స్లాట్లనీ వంగి చూసింది. సంతోషం వెంటనే రాలేదు. వాటిలో ఎంత పెట్టాలన్న ప్రశ్న ముందొచ్చి కూర్చుంది.

"నా దగ్గర పదహారు జీబీ ముక్కలు రెండున్నాయి. బిగిస్తే తొంభై ఆరు. నీ లెక్క ఎనభై నాలుగు. ఇంకేం కావాలి? లేచి టీ చెప్పు" అంది కబూలా.

"నా లెక్కని నేనే నమ్మడం లేదే."

"అయితే నడిపి చూడు. నిలువూ అడ్డం తీసిన ఫొటోలు ఎక్కడైనా ఉన్నాయా?"

డోటో దగ్గర ఉన్నాయి. ఎప్పుడో ఒక రేవు పనికి తీసినవి, సరిగ్గా అలాంటి బండల ఒడ్డువి, మూడు వేల చిల్లర. అందులోంచి రెండువేల ఆరు వందలు ఏరి, గురువారం పొద్దున్నే ఆ పదహారు జీబీ ముక్కలు రెండూ బిగించి కబూలా కొట్లో పని మొదలుపెట్టించారు. మింజా ఎదురుగా కూర్చుంది. మెమరీ గీత ముప్ఫై దాటింది, యాభై దాటింది. మధ్యాహ్నానికి ఎనభై నాలుగుకి వచ్చింది. అక్కడ ఆగాలి. ఆగలేదు. ఎనభై ఎనిమిది. తొంభై ఒకటి. ఫ్యాను ఈల వేయడం మొదలుపెట్టింది. కబూలా పెళ్లివాళ్లతో బేరం మధ్యలో వదిలేసి వచ్చి నిలబడింది. తొంభై ఆరు దగ్గర గీత పైకప్పుకి తగిలి, కాసేపు అక్కడే కొట్టుకుని, ఎర్రటి అక్షరాలు వచ్చాయి. ముగుండాలో వచ్చిన అక్షరాలే.

మింజా కళ్లు మూసుకుంది. మైదానం, ముందు వరస, హోలో.

"లెక్క ఎక్కడ తప్పిందే?" అంది కబూలా మెల్లగా.

"నేను మెట్ట ఊళ్ల ఫొటోలతో కొలిచాను. నిలువూ అడ్డం తీస్తే ఒక్కో బండ రెట్టింపు ఫొటోల్లో కనపడుతుంది. ఆ జతలన్నీ కలుపుకోవాలిగా. వందకి మూడు కాదు, నాలుగు దాకా పోతోంది." నోటుబుక్కు తీసి పాత అంకెలన్నీ కొట్టేసింది. "మూడోసారి కూడా తప్పితే ఏం చెయ్యాలి? నూట ఇరవై ఎనిమిది కూడా చాలకపోతే?"

"ముందు నూట ఇరవై ఎనిమిది ఎక్కడుందో చూడు. ఊరంతా ఫోన్ చేద్దాం."

చేశారు. ముప్ఫై రెండు జీబీ ముక్కలు మ్వాంజాలో ఏ కొట్లోనూ లేవు. ఒకడు ఉన్నాయన్నాడు గాని తీరా చూస్తే పెద్ద కంప్యూటర్లకి వేసే పొడుగు రకం. సాయంత్రమైంది. కబూలా తన సొంత మెషీన్ దగ్గరికి వెళ్లింది, జడలోంచి స్క్రూడ్రైవరు లాగింది, కీబోర్డు లేపింది.

"ఏం చేస్తున్నావే?"

"నువ్వు కూర్చో."

"కబూలా, అది నీ తిండి. ఈ నెలలో ఎన్ని పెళ్లిళ్లు ఒప్పుకున్నావు?"

"ఆరు."

"ఆరుగురు పెళ్లికూతుళ్ల తల్లులు వచ్చి నీ కొట్టు తగలబెడతారే!"

"రానీ. పెళ్లయిపోయింది, మొగుడు ఇంట్లోనే ఉన్నాడు, వీడియో రెండు వారాలు ఆగితే ఎవడు పారిపోతాడు? నీ చేపలవాళ్లే పారిపోయేది." ముప్ఫై రెండు జీబీ ముక్కలు రెండూ తీసి అరచేతిలో పెట్టి చూపించింది. "ఇవి అరువు. దానం కాదు. ఎక్కడ పడేసినా నీ జుట్టు పీకి చేతిలో పెడతా."

శుక్రవారం పొద్దున్న మళ్లీ మొదటినుంచి. ఈసారి మింజా ఇరవై ఆరు వందలతో సరిపెట్టలేదు. గాలి కొడితే డోటో మళ్లీ తీసే ఫొటోలు కూడా కలిపి ఇరవై తొమ్మిది వందలు వేసింది. కబూలా అన్నం తినమన్నా తినలేదు. గీత తొంభై ఆరు దాటింది. నూట నాలుగు. నూట పదకొండు. నూట పదిహేడు. అక్కడ గీత ఒక్కసారి తల వంచింది, దిగడం మొదలుపెట్టింది. చీకటి పడేలోపు బండలు, నీళ్లు, పడవలు, రేవు మెట్లు అన్నీ ఒకే బొమ్మగా తెరమీద నిలిచాయి. ఒడ్డున ఎవరో ఆరేసిన వల కన్నాలు కూడా లెక్కపెట్టొచ్చు.

శనివారం ఉదయం బులుగు గదికి వెళ్లి కొత్త కాగితం ముందు పెట్టింది. నూట ఇరవై ఎనిమిదని రాసింది, గీతలు కొట్టలేదు. కింద ఒక వాక్యం మాత్రం చేర్చింది: మూడువేల ఫొటోలు దాటితే ఇది కూడా చాలదు.

బులుగు రెండుసార్లు చదివాడు. "ఈ కింది వాక్యం మొదటి కాగితంలో ఎందుకు లేదు?"

"అప్పుడు నాకు భయం లేదు పెద్దయ్యా."

పెద్దాయన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. చైర్మన్‌కి ఫోన్ చేశాడు, సభ అనుకున్న రోజే, ఆదివారం చర్చి అయ్యాక అని చెప్పాడు. తర్వాత డోటోని పిలిచి మింజా ముందే అన్నాడు: "మూడువేలకి ఒక్క ఫొటో ఎక్కువ తీశావో, నిన్ను ఆ సరస్సులోనే వదిలేసి వస్తుంది ఈ అమ్మాయి. నేను అడగను కూడా."

మంగళవారం పొద్దున్న నాన్సియో పడవ దగ్గరికి కబూలా సాగనంపడానికి వచ్చింది. మింజా ల్యాప్‌టాప్ సంచీని పసిబిడ్డలా రొమ్ముకి అదుముకుని ఉంది. మూటలు పైన పడేస్తున్న కూలీలని దగ్గరికి రానివ్వడం లేదు.

"ఇంకా భయమేనా?" అంది కబూలా.

"గాలి చూడు. ఇప్పుడే ఇలా కొడుతోంది."

"కొట్టనీ. వెళ్లి వేళ్లు పెట్టించు. పదిహేడు మంది చేతా పెట్టించు."

పడవ కూత వేసింది. కబూలా కొట్టుకి తిరిగొచ్చేసరికి ఒక పెళ్లికూతురి తల్లి నడుము మీద చేతులు పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. కబూలా ఆమెని కూర్చోమని బల్ల చూపించి, ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి, మూతపెట్టిన తన మెషీన్ మీద అంటించింది: ఈ మెషీన్ మెమరీ ఉకెరెవె వెళ్లింది. మింజా దానితో తిరిగొచ్చేది సెప్టెంబరు ముప్ఫై, బుధవారం, సాయంత్రం పడవకి.